లైట్ల పరికిణీ

ఐనవిల్లి,
18 నవంబర్ 2024

ఒరేయ్ తాతారావూ,

క్షేమంగా ఇల్లు చేరాను. ఈ ఉత్తరం, పూతరేకులు, మాగాయ సీసా మన వీధి చివరింటి ప్రసన్న చేతికిస్తున్నాను. షార్జాలో నర్సు కదా, ఎల్లుండి తిరిగి వెళ్తోంది. సీసాకి మూడు కవర్లు చుట్టాను, అయినా నూనె కారితే ఆ పిల్లని ఏమీ అనకు. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. మా ఇంట్లో ఫోను మోగితే మీ బావగారు స్పీకరు పెట్టమంటారు, సాయిదుర్గ పక్కన చేరుతుంది, పక్కింటి చిన్నమ్మలు గారు గోడ అవతల్నుంచే నిన్ను కుశలం అడుగుతారు. ఇంక అక్కాతమ్ముళ్లం మాట్లాడుకునేదేముంది?

మన వియ్యాలవారు ఎంత మర్యాదస్తులో ఈ వారం రోజుల్లో చూశాను. ధర్మరాజు గారూ గాయత్రి గారూ కొడుకు దగ్గరికి దుబాయ్ వెళ్తూ, పిల్లనిస్తున్నవాళ్లు అబ్బాయి ఉండే ఇల్లు కళ్లతో చూసుకోవాలి కదండీ అని నన్నూ బయల్దేరదీశారు. మీ బావగారు కొబ్బరి దింపు వదిలి కదలరాయె, నేనొక్కదాన్నే వెళ్లాను. వెంకటసాయి ఇల్లు అద్దంలా ఉంది. కాబోయే అల్లుడు తన బట్టలు తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు, అది చూసి మన పిల్ల అదృష్టం అనుకున్నాను.

ఎడారి సఫారీ అని ఒక సాయంత్రం మా ముగ్గుర్నీ పంపాడు. పెద్ద కారులో ఇసక దిబ్బలు ఎక్కించీ దించీ కడుపులో పేగులు కదిపేశారు. గాయత్రి గారు దారి పొడుగునా మన సిద్ధి వినాయకుణ్ణి తలుచుకున్నారు, నేను పొద్దున తిన్న ఉప్మాని తలుచుకున్నాను. తర్వాత ఇసకలో తోలుకునే నాలుగు చక్రాల బళ్లు ఇచ్చారు. ధర్మరాజు గారు కుర్రాడిలా తోలారు. నాకు భయమేసి ఎక్కలేదు, గుడారంలో కుర్చీలో కూర్చున్నాను. చీకటి పడ్డాక డాన్సులేవో పెట్టారట గానీ నాకు తలనొప్పొచ్చి కళ్లు మూసుకుని పడుకున్నాను, ఏమీ చూడలేదు.

నువ్వు ఆ వారమంతా అబుదాబిలో డ్యూటీ అన్నావు. క్యాంపు మేనేజరువి, నీ బాధ్యతలు నీకుంటాయి. నిన్ను చూడకుండా వచ్చేశానని మాత్రం మనసు మనసులో లేదు.

పెళ్లి ఫిబ్రవరిలో, మాఘమాసం. గౌరీపూజయ్యాక పిల్లని బుట్టలో కూర్చోబెట్టి పీటల దాకా మోసుకురావాల్సింది మేనమామే, కాదనను. కానీ నీకు సెలవు దొరుకుతుందో లేదో. బలవంతం ఏమీ లేదని నేనే ముందు చెప్తున్నాను. మన బాబాయి కొడుకు శ్యామ్ సుందర్ ఉన్నాడు, వాడూ వరసకి మేనమామే. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకు.

నీ మేలు కోరే
అక్క భూలక్ష్మి


దుబాయ్,
1 డిసెంబర్ 2024

అక్కా,

మాగాయ రెండ్రోజుల్లో సఫా. మా క్యాంపులో కేరళ వంటాయన ఉన్నాడు, సీసా అడుగున మిగిలిన నూనెలో అన్నం వేసి కలిపి తినేశాడు. ఇంకో సీసా పంపమని నిన్నడగమన్నాడు, ఆవిడ నీకు అక్కయితే మాకూ అక్కే అంటున్నాడు. పూతరేకులు మాత్రం పంచలేదు. దాచుకుని తింటున్నాను.

శ్యామ్ సుందర్ బుట్ట మోస్తాడా? వాడు గ్యాసు బండ మేడ మీదికి ఎక్కించడానికే ఇద్దర్ని పిలుస్తాడు. సాయిదుర్గని మధ్యలో దించేశాడంటే పెళ్లివారంతా నవ్వుతారు. సెలవు ఎప్పుడో అడిగేశాను, ఇస్తామన్నారు. టిక్కెట్టు చూస్తున్నాను. అది పుట్టినప్పుడు నేను పదో తరగతి. తీర్థాలన్నీ నా మెడ మీదెక్కి తిరిగింది, జీళ్లు తిని నా జుట్టుకే చేతులు తుడుచుకునేది. దాన్ని వేరేవాళ్లు మోస్తే నేను చూస్తూ ఎలా ఊరుకుంటానక్కా?

ఈసారి మీరొచ్చినప్పుడు కలవలేకపోయానని నాకూ బాధగానే ఉంది. అబుదాబి పని అలాంటిది.

నీ మోచెయ్యి మానిందా? ఇసకలో గీరుకున్న దెబ్బ పైకి చిన్నదిగానే ఉంటుంది గానీ లోపల రేణువులుండిపోతే చీము పడుతుంది. వేణ్ణీళ్లతో కడిగి కొబ్బరినూనె రాస్తూ ఉండు. నిర్లక్ష్యం చెయ్యకు.

బావగారికి నమస్కారాలు.

తమ్ముడు
తాతారావు


ఐనవిల్లి,
12 డిసెంబర్ 2024

తాతారావూ,

నీ ఉత్తరం మోచెయ్యి దాకా చదివి ఆగిపోయాను. నేను బండెక్కినట్టు గానీ, పడినట్టు గానీ నీకు రాయలేదు. మీ బావగారికి కూడా బాత్రూములో కాలు జారిందనే చెప్పాను. కాబట్టి ఇంక దాగుడుమూతలు ఎందుకు? నువ్వు అబుదాబిలో లేవు. నేను తలనొప్పితో పడుకోలేదు.

బండెక్కేముందు నాకు హెల్మెట్టు పెట్టినవాడు మొహానికి గుడ్డ చుట్టుకున్నాడు, కళ్లొక్కటే కనబడుతున్నాయి. నేను అలవాటులో తెలుగులోనే, మెడ దగ్గర గట్టిగా కట్టకు బాబూ అన్నాను. వాడు అచ్చం మన గోదారి వాళ్లలా ఆయ్ అన్నాడు. ఆ ఇసకలో, అరబ్బులూ పఠాన్లూ తిరిగే చోట, ఆయ్ అనేవాడెవడా అని తలెత్తి చూస్తే నీ కళ్లు. ఆ కంగారులోనే బండిని దిబ్బ మీదికి పోనిచ్చి పడ్డాను. పరిగెత్తుకొచ్చి లేపింది కూడా నువ్వేనని తెలుసు.

అంతవరకూ అయినా సరిపెట్టుకునేదాన్ని. బళ్ల దగ్గర పనిచేస్తే తప్పేముంది? కానీ చీకటి పడ్డాక ఆ వేదిక మీద, అందాకా ఒక అమ్మాయి నడుం తిప్పి వెళ్లిన చోటికి, నువ్వు పరికిణీ కట్టుకుని వచ్చావు. దానికి చుట్టూరా లైట్లు. గిర్రున తిరుగుతుంటే పరికిణీ గొడుగులా లేచి, తల మీదికి తీసి, మళ్లీ తిప్పి, జనం ఈలలు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మన నాన్న అమ్మవారి గరగ నెత్తిన పెట్టుకుని ఊరంతా ఆడితే, ఆడవాళ్లు బిందెలతో పసుపునీళ్లు తెచ్చి కాళ్ల మీద పోసేవారు. ఆయన కొడుకు మాంసం కాల్చే పొగలో పరికిణీ కట్టి ఆడతాడా? పైగా నా కేసి చూసి మొహం తిప్పేసుకుని మరీ తిరిగావు. అక్కని చూసి మొహం తిప్పుకునేవాడివి, మేనేజరునని మాకెందుకు చెప్పావు?

ధర్మరాజు గారు అదంతా ఫోనులో వీడియో తీశారు. జొన్నాడలో వాళ్లింటికి ఎవరొచ్చినా అదే చూపించి నవ్వుతున్నారని గాయత్రి గారే ఫోనులో చెప్పారు. అలాంటప్పుడు పెళ్లిలో అదే మొహం బుట్ట మోసుకుని వస్తే ఏమవుతుందో నువ్వే ఆలోచించు. రేపు నా కూతురు ఆ ఇంట్లో తలెత్తుకుని తిరగాలి.

అందుకని నువ్వు రావద్దు. ఇంత విప్పి రాయాల్సొస్తుందని అనుకోలేదు.

భూలక్ష్మి


దుబాయ్,
27 డిసెంబర్ 2024

అక్కా,

రావద్దన్నావు, సరే. టిక్కెట్టు ఇంకా తియ్యలేదు, ఆ ఇబ్బంది లేదు. కానీ రెండు మూడు మాటలు చెప్పనీ.

మేనేజరునని నా నోటితో నేను చెప్పలేదు. వచ్చిన కొత్తలో, క్యాంపులో అన్నీ నేనే చూసుకుంటున్నానని బావగారితో గొప్పకి అన్నాను. నెల తిరిగేసరికి ఊళ్లో మేనేజరైపోయాను. కాదని చెప్పకుండా ఊరుకున్నాను చూడు, అది మాత్రం నా తప్పే, ఆ ఒక్కదానికి నాకు సిగ్గుగా ఉంది. మీరొస్తున్నారని తెలిసి అబుదాబి అన్నది, వియ్యాలవారి ముందు నీకు చిన్నతనమవుతుందని. ఇక్కడ ఇన్ని సఫారీ క్యాంపులుంటే మిమ్మల్ని మా క్యాంపుకే తెస్తారని ఎవడనుకుంటాడు?

ఆ ఆట ఆడే ఈజిప్టు ఆయన వాళ్ల దేశం వెళ్లిపోయాడు. ఎవరైనా తిరగగలరా అని అడిగితే నేను లేచాను. ఎంతసేపు తిరిగినా నాకు కళ్లు తిరగలేదు. నాన్న గరగతో ఆడుతుంటే వెనకాల ఆడుకుంటూ వెళ్లినవాణ్ణి కదా. మగవాళ్లు ఆడే ఆటే అది, వాళ్ల ఊళ్లలో దానికీ గౌరవం ఉందట. పరికిణీ కట్టినందుకు నాకేమీ అనిపించలేదు. మొహం తిప్పుకున్నానని రాశావు. తిరగడమే కదక్కా ఆ పని? ఒక్కో చుట్టులో ఒక్కోసారి నువ్వు కనబడుతూనే ఉన్నావు.

ఇప్పుడు అసలు సంగతి. ఆట అయ్యాక ఆ బట్టల్లోనే మీ బల్ల దగ్గరికి వచ్చాను. ఇంతదాకా వచ్చాక చెప్పేద్దాం, ఏమైతే అదవుతుంది, మా అక్క కాళ్లకి దణ్ణం పెట్టి వియ్యాలవారికి పరిచయం చేసుకుందాం అని నవ్వుకుంటూనే వచ్చాను. నేను నోరు తెరిచేలోపు నువ్వు "భయ్యా, పానీ లావో" అన్నావు. తెచ్చాను. గ్లాసు అందుకున్నావు, నా కేసి చూడలేదు.

పాపం గుర్తుపట్టలేదు, పొగలో, చీకట్లో, ఆ మేకప్పుతో ఎలా గుర్తుపడుతుంది అనుకున్నాను. గదికొచ్చి పోనీలే మంచిదే అయింది అని నవ్వుకున్నాను. నెల రోజులు అలాగే అనుకుని సంతోషంగా ఉన్నానక్కా. హెల్మెట్టు దగ్గరే గుర్తుపట్టావని నీ ఉత్తరం వచ్చాకే తెలిసింది.

సాయిదుర్గకి చీర కొన్నాను. ప్రసన్న పెళ్లికి వస్తుందిగా, ఆమెతో పంపుతాను. ఎవరిచ్చారో చెప్పకపోయినా పర్వాలేదు.

తాతారావు


ఐనవిల్లి,
9 జనవరి 2025

నాయనా తాతారావూ,

నీ ఉత్తరం కొబ్బరికాయల కొట్లో కూర్చుని చదివాను. ఇంట్లో చదివితే నా మొహం చూసి సాయిదుర్గ ఏమైందని అడుగుతుంది. నీకు ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపేశాను.

నిజమే. నువ్వు నవ్వుతూ రావడం చూశాను. అక్కా అంటావని తెలుసు. గాయత్రి గారికి దాహం వేసినట్టూ లేదు, నాకూ వెయ్యలేదు. నిన్ను నోరు తెరవనివ్వకూడదనే ఆ మాట అన్నాను. ఆ మాట నాకు అంత గబుక్కున ఎలా వచ్చిందో, హిందీలో మూడు ముక్కలు కూడా రానిదాన్ని. నువ్వు గ్లాసు ఇచ్చి వెళ్తుంటే పరికిణీ అంచుకి లైట్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి, అటు చూడకుండా పళ్లెంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. అమ్మ పోయాక నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని నేనే. అదే చేత్తో ఆ గ్లాసు అందుకున్నాను. ఇక్కడికొచ్చినా రోజూ అన్నం దగ్గర కూర్చుంటే అదే గుర్తొస్తోంది. సిగ్గుపడాల్సింది నువ్వు కాదురా.

రావద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రా. బుట్ట నువ్వే మొయ్యాలి.

ఒక్కటే అడుగుతాను, కోపగించుకోకు. ఇప్పట్నుంచి మీసం పెంచు. బాగా గుబురుగా. జుట్టు కూడా కాస్త వేరేగా కత్తిరించుకో. పెళ్లికి ఇంకా నెల పైనే ఉంది, వచ్చేస్తుంది. మస్కట్లో ఉద్యోగమని చెబుదాం, దుబాయ్ మాటే ఎత్తొద్దు. మీసముంటే ధర్మరాజు గారు పోల్చుకోలేరు. ఆ మూడు రోజులు గడిస్తే చాలు, తర్వాత ఎవరేమనుకున్నా నేను లెక్కచెయ్యను.

అక్క


దుబాయ్,
24 జనవరి 2025

అక్కా,

మీసం పెంచను. మేనేజరు వేషం వేసి నాలుగేళ్లు మోశాను, ఇంకో వేషం నా వల్ల కాదు. వస్తే ఈ మొహంతోనే వస్తాను, ఎవరడిగినా చేసే పనే చెప్తాను. అలా వచ్చిన మేనమామ నీకు పర్వాలేదనుకుంటే రమ్మను.

నువ్వు మళ్లీ ఉత్తరం రాసి, అది నాకు అందేసరికి పెళ్లి అయిపోతుంది. ఇంట్లో అందరిముందూ మాట్లాడలేవు, నాకు తెలుసు. ఏమీ మాట్లాడక్కర్లేదు. నాకు ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వు. ఎప్పుడిచ్చినా సరే, మర్నాడే బయల్దేరతాను. మా సూపర్‌వైజరు మంచివాడు, పంపుతానన్నాడు.

ఇవ్వకపోతే అర్థం చేసుకుంటాను. నిన్ను మళ్లీ అడగను.

తాతారావు


దుబాయ్,
20 ఫిబ్రవరి 2025

అక్కా,

పెళ్లి బాగా జరిగిందని తలుస్తాను. సాయిదుర్గ లైవు లింకు పంపింది. వంటాయన, నేపాలీ కుర్రాడు, నేను, ముగ్గురం బళ్ల షెడ్డులో కూర్చుని చూశాం. పిల్ల నేను కొన్న చీరలో గౌరీపూజకి కూర్చుంది. ఎవరిచ్చారో చెప్పావో లేదో గానీ, దానికి ఆ రంగు నప్పింది. శ్యామ్ సుందర్ ఒంటరిగా ఎత్తలేకపోయాడు, నేను ముందే చెప్పాను కదా.

బుట్ట దించాక ధర్మరాజు గారు నీ పక్కకి వచ్చారు. సన్నాయి మేళం హోరులో ఒక్క మాటా వినబడలేదు. ఆయన ఏదో అడిగారు, నువ్వు ఏదో చెప్పావు. ఆయన మళ్లీ చాలాసేపు చెప్పారు. అందరూ నీ కేసి చూశారు. నువ్వు కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నావు. ఇంతలో కెమెరా అబ్బాయి పురోహితుడి మీదికి తిప్పేశాడు.

అప్పట్నుంచి నాకు మనసు బాగోలేదు. నా గురించి నిన్నేమైనా మాటన్నారా? అని ఉంటే చెప్పు, నేనే ఆయనకి ఫోను చేసి క్షమించమని అడుగుతాను. నా మూలాన పిల్లకి మాట రాకూడదు. నువ్వు ఆయనతో ఏం చెప్పావక్కా?

తమ్ముడు
తాతారావు


ఐనవిల్లి,
3 మార్చి 2025

తాతారావూ,

నువ్వు ఎవర్నీ క్షమించమని అడగక్కర్లేదు. అడిగావు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

మిస్డ్ కాల్ సంగతి ముందు చెప్తాను. నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఫోను నడుముకే దోపుకుని తిరిగాను. పాలు కాస్తూ, పసుపు దంచిస్తూ, శుభలేఖలు స్వామి దగ్గర పెట్టడానికి గుడికి వెళ్తూ, ఎన్నోసార్లు నీ పేరు దాకా వచ్చాను. నొక్కితే చాలు, మాట్లాడక్కర్లేదు. ఒకసారి నొక్కబోతుంటే గాయత్రి గారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది, భోజనాల బంతిలో ఎంతమంది కూర్చుంటారని. ఆవిడతో నవ్వుతూ మాట్లాడి ఫోను మళ్లీ దోపేసుకున్నాను. నాకు ఎవరూ అడ్డం పడలేదు. నేనే ఇవ్వలేదు.

శ్యామ్ సుందర్ బుట్ట దించి చెమట తుడుచుకుంటుండగా ధర్మరాజు గారు వచ్చి, మేనమామగారు రాలేదేమండి అన్నారు. నేను, సెలవు ఇవ్వలేదండి, క్యాంపు మేనేజరు కదండీ, వాడు లేకపోతే అక్కడ గడవదు అన్నాను. నీ ఉత్తరాలన్నీ చదివాక కూడా నా నోట్లోంచి ఆ మాటే వచ్చింది.

ఆయన మేళం హోరుకి కాస్త గొంతు పెంచి చెప్పారు.

"ఆవేళ ఆ డాన్సు చేసినాయనే కదండీ మీ తమ్ముడుగారు. నిశ్చితార్థానికి వచ్చినప్పుడు మీ హాల్లో ఫోటో చూసేనండి. ఆయన అలా వేదిక మీదికి రాగానే పోల్చేను. మావాళ్లందరికీ ఆ వీడియో చూపించి, మా కోడలి మేనమామండి, అంతమంది దొరల ముందు ఎలా ఆడేడో చూడండని చెప్పుకుంటున్నాను. జొన్నాడ నుంచి సగంమంది ఆయన్ని చూద్దామనే వచ్చేరు."

మరి ఆ రోజే పలకరించలేదేమండి అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"అక్కగారే పలకరించని మనిషిని నేనెలా పలకరిస్తానండీ? మీలో మీకు ఏదో మాట పట్టింపు ఉందనుకుని ఊరుకున్నాను" అన్నారు.

దెప్పిపొడిచినట్టు అనలేదు. ఎప్పట్లాగే మర్యాదగా, చేతులు కట్టుకుని అన్నారు. ఎవరి కంట పడకూడదని నిన్ను ఇంత దూరం పెట్టానో ఆ మనిషికే నువ్వంటే గర్వం. నిన్ను చూసి సిగ్గుపడింది ఆ పందిట్లో నేనొక్కదాన్నే. మా మాటలు సాయిదుర్గ కూడా వింది. పీటల మీద కూర్చుని తలెత్తి నా కేసి ఒకసారి చూసి మళ్లీ దించుకుంది. అప్పగింతలప్పుడు వాళ్ల నాన్నని పట్టుకుని ఏడ్చింది, నా దగ్గర ఏడవలేదు.

నేను ఆయనతో ఏం చెప్పానని అడిగావు. ఆ తర్వాత ఏమీ చెప్పలేదు. కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిపోయాను. చిన్నమ్మలు గారు దగ్గరకి తీసుకుని వీపు నిమిరారు, కన్నకూతురు వెళ్లిపోతుంటే ఏ తల్లికైనా ఇంతే అన్నారు. మీ బావగారూ అలాగే అనుకున్నారు, ఊరంతా అలాగే అనుకుంది. నేనూ అవుననే తలూపాను. అది కాదని నీకొక్కడికే రాస్తున్నాను.

అక్క